తండ్రిని పిలిచిన పాట



ఈ వారం ఒక సేవకుడి కొడుకు గురించి రాస్తున్నాను. లోకం అతన్ని పాటగాడిగానే ఎరుగును. ప్రేమ పాటలు, శరీర కోరికల పాటలు పాడి, పేరూ డబ్బూ సంపాదించి, మత్తుకు బానిసై, చివరికి కన్నతండ్రి చేతిలో చనిపోయాడు. ఇలాంటి జీవితాన్ని యౌవనుల కూటాల్లో హెచ్చరికగా చెప్పడం మనకు అలవాటు. లోకాన్ని ప్రేమిస్తే గతి ఇంతే అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. కానీ ఆ జీవితాన్ని మొదటి నుంచి చదివితే, లోకం కనబడక ముందే ఒక పాస్టరు గారి ఇల్లు కనబడుతుంది. నా కలం అక్కడే ఆగింది.

అతని పేరు మార్విన్ గే. 1939 ఏప్రిల్ 2న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి పేరూ మార్వినే. తల్లి ఆల్బెర్టా తెల్లవారి ఇళ్లలో పనిచేసి కుటుంబాన్ని పోషించేది. నలుగురు పిల్లల్లో మార్విన్ రెండోవాడు. తండ్రి హౌస్ ఆఫ్ గాడ్ అనే చిన్న సంఘంలో సేవకుడు. అది పెంతెకొస్తు సంఘమే, కానీ పాత నిబంధన ఆచారాలను గట్టిగా పట్టుకున్న సంఘం. శనివారమే వారికి విశ్రాంతి దినం. ఆటపాటలకూ సినిమాలకూ ఆ ఇంట్లో చోటు లేదు. వాక్యం మాత్రం బాగా కంఠతా వచ్చేది.

పాట కూడా ఆ ఇంట్లోనే వచ్చింది. నాలుగేళ్ల ప్రాయంలోనే మార్విన్ సంఘంలో పాడాడు. తండ్రి పియానో వాయిస్తుంటే కొడుకు పాడేవాడు. ఆ దృశ్యం ఒక్కటే చూసినవారు ఎంత ఆశీర్వదించబడిన కుటుంబం అనుకొని ఉంటారు. మన సంఘాల్లోనూ అలాంటి కుటుంబాలను ముందు వరుసలో కూర్చోబెడతాం.

ఇంటికి వెళ్లాక కథ వేరు. తండ్రి కొట్టేవాడు. ఏదో ఒక రోజు కోపం వచ్చి ఒక దెబ్బ వేయడం కాదు. మార్విన్‌కు ఏడేళ్లప్పుడు మొదలై, కౌమారం దాటేదాకా అది సాగింది. చిన్న తప్పుకు పెద్ద శిక్ష. ఏది తప్పో ముందుగా తెలియదు. దెబ్బ కంటే దెబ్బ కోసం ఎదురుచూడడమే భయంకరంగా ఉండేదని అతను పెద్దయ్యాక చెప్పుకున్నాడు. అమ్మ ఆదరణ లేకపోతే తాను బతికేవాణ్ణే కాదని కూడా చెప్పాడు. ఆ తండ్రి చేతిలో బైబిలు ఉంది, అదే చేతిలో బెల్టూ ఉంది. పిల్లవాడికి ఆ రెండింటినీ వేరు చేసి చూడడం ఎలా వస్తుంది?

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. సామెతల గ్రంథంలోని బెత్తం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఒకసారి ఆరాధన అయిపోయాక పదేళ్ల కుర్రవాడు ఒకడు నా దగ్గరకు వచ్చి, ఆ వాక్యం నాన్నగారు ఉన్నప్పుడు చెప్పవద్దని అడిగాడు. చొక్కా ఎత్తి చూపించలేదు. చూపించనక్కరలేకపోయింది. నేను తల నిమిరి ప్రార్థన చేసి పంపేశాను. ఆ వారం వాళ్లింటికి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. వాళ్ల నాన్న మా సంఘంలో పెద్ద.

మార్విన్ 17 ఏళ్లకు ఇల్లు విడిచి వైమానిక దళంలో చేరాడు. అక్కడ ఆజ్ఞలు పాటించడం అతని వల్ల కాలేదు. ఏడాది తిరగకముందే పంపించేశారు. తరువాత చిన్న పాటల బృందాల్లో తిరిగి, హార్వీ ఫుక్వా అనే గాయకుడి వెంట 1960లో డెట్రాయిట్ నగరానికి చేరాడు. అక్కడ బెర్రీ గోర్డీ మోటౌన్ అనే రికార్డింగ్ సంస్థను అప్పుడే నిలబెడుతున్నాడు. మార్విన్‌కు మొదట దొరికింది గాయకుడి స్థానం కాదు, డ్రమ్ముల వెనుక కుర్చీ. ఇతరుల పాటలకు వాయించేవాడు. ఆ రోజుల్లోనే ఇంటిపేరు చివర ఇంగ్లీషు అక్షరం ఒకటి చేర్చుకున్నాడు. శామ్ కుక్ అనే మరో సేవకుడి కొడుకు కూడా పాటల లోకానికి వచ్చినప్పుడు తన పేరుకు అదే అక్షరం చేర్చుకున్నాడు. మార్విన్ విషయంలో మాత్రం, తండ్రి పేరుకూ తన పేరుకూ మధ్య ఒక్క అక్షరమంత దూరమైనా ఉండాలని కోరుకున్నాడేమో అనిపిస్తుంది.

మార్విన్ కోరుకున్నది సోల్ గాయకుడు కావడం కాదు. సోల్ అంటే గాస్పెల్ పాటల ఆవేశాన్ని లోక ప్రేమకు మళ్లించిన సంగీతమని స్థూలంగా చెప్పవచ్చు. మార్విన్ మనసు జాజ్ మీద ఉండేది. నాట్ కింగ్ కోల్, ఫ్రాంక్ సినాట్రా లాగా సూటు వేసుకొని, స్టూలు మీద కూర్చొని, నెమ్మదైన పాటలు మెత్తగా పాడాలని అతని ఆశ. 1961లో వచ్చిన మొదటి ఆల్బమ్ అలాంటి పాటలతోనే చేశాడు. ఎవరూ కొనలేదు. 1962లో ఊపున్న నాట్యపు పాట పాడితే జనం పట్టించుకున్నారు. అప్పటినుంచి సంస్థ అలాంటివే పాడించింది. అయినా 1965లో నాట్ కింగ్ కోల్ చనిపోయినప్పుడు ఆయన పాటలతో ఒక ఆల్బమ్ చేశాడు. అదీ అమ్ముడుపోలేదు. 1960ల చివర కొన్ని జాజ్ పాటలను వాద్యబృందంతో రికార్డు చేసి, తన గొంతు వాటికి చాలడం లేదని పక్కన పెట్టాడు. పదేళ్ల తరువాత మళ్లీ తీసి మళ్లీ పాడాడు. అవి అతను చనిపోయాక, 1997లో గానీ బయటికి రాలేదు. జాజ్ వాకిలి దగ్గర నిలబడి లోపలికి రానివ్వమని అడుగుతూనే ఉన్నాడు. వాకిలి తెరుచుకోలేదు. చివరికి అది తెరుచుకున్న తీరు వేరు, దానికి వస్తాను.

1963లో గోర్డీ అక్క అన్నాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అతనికంటే 17 ఏళ్లు పెద్దది. 1967 నుంచి టామీ టెరెల్ అనే యువగాయనితో కలిసి యుగళగీతాలు పాడాడు. ఆ సంవత్సరమే వర్జీనియాలో ఒక కాలేజీలో పాడుతుండగా ఆమె వేదిక మీదనే అతని చేతుల్లోకి ఒరిగిపోయింది. మెదడులో కణితి. ఎన్నో శస్త్రచికిత్సల తరువాత 1970 మార్చిలో 24 ఏళ్లకే కన్నుమూసింది. మార్విన్ కుప్పకూలాడు. ఈ మధ్యలో 1968లో అతను పాడిన పాట ఒకటి ఏడు వారాలు దేశమంతా మొదటి స్థానంలో నిలిచింది. ఆ విజయం తనకు అర్హం కాదనుకున్నాడు. వేదిక ఎక్కడం మానేశాడు.

ఆ చీకటి కాలంలోనే తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చాడు. మూడేళ్లు అక్కడ చూసినదంతా అన్నకు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు, అన్నా ఏడ్చాడు. తమ్ముడు అక్కడ ప్రాణాలు పణంగా పెట్టి ఉంటే తాను ఇక్కడ ప్రేమ పాటలు పాడుతూ కూర్చున్నానన్న సంగతి అతన్ని తొలిచింది.

అప్పుడు ఒక పాట అతని దగ్గరకు వచ్చింది. ఫోర్ టాప్స్ బృందంలోని ఓబీ బెన్సన్ 1969 మే నెలలో కాలిఫోర్నియాలోని బర్క్లీలో యువకుల మీద పోలీసులు విరుచుకుపడడం చూసి, ఇదంతా ఏమిటని బాధపడి ఒక పాట మొదలుపెట్టాడు. అల్ క్లీవ్‌లాండ్ దానికి తోడయ్యాడు. వారి బృందంలో మిగతావారికి అది నిరసన పాటలా కనిపించి వద్దన్నారు. అది మార్విన్ చేతికి వచ్చింది. అతను దానికి మాటలూ రంగూ చేర్చి తనదిగా చేసుకున్నాడు. అదే ‘వాట్స్ గోయింగ్ ఆన్’.

దేశంలో మంటలు, వీధుల్లో లాఠీలు, యుద్ధం నుంచి శవపేటికలు. అప్పుడు వచ్చిన ఎన్నో పాటల్లో కోపం ఉంది. ఈ పాటలో కోపం లేదు. ముందు అమ్మను పిలుస్తుంది. తరువాత సోదరుణ్ణి పిలుస్తుంది. ఆ తరువాత నాన్నను పిలిచి, గొడవను ఇంకా పెంచవద్దని బతిమాలుతుంది. దేశానికి రాసిన పాట అని అందరూ అంటారు. నిజమే. కానీ మార్విన్ గొంతులో ఆ నాన్న అన్న పిలుపు విన్నప్పుడు నాకు దేశం గుర్తుకు రాదు. వాషింగ్టన్‌లోని ఆ చిన్న ఇల్లు, బెల్టు శబ్దం కోసం చెవులు రిక్కించిన పిల్లవాడు గుర్తుకొస్తాడు.

పాట తయారైన తీరు కూడా చెప్పాలి. మోటౌన్‌లో వాయించేవారిలో చాలామంది పగలు స్టూడియోలో జీతానికి వాయించి, రాత్రి డెట్రాయిట్ క్లబ్బుల్లో జాజ్ వాయించేవారు. బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అలాంటివాడే. పాట మొదట్లో వినిపించే సాక్సోఫోన్ ఈలై ఫౌంటెన్‌ది. ఆయన రికార్డింగ్‌కు ముందు వాద్యాన్ని సరిచూసుకుంటూ సరదాగా ఏదో వాయించాడు. అదే చాలు, ఇక ఇంటికి వెళ్లవచ్చని మార్విన్ అన్నాడట. ఊరికే వాయించానని ఫౌంటెన్ అంటే, అద్భుతంగా వాయించావని పంపేశాడట. ఇంకో పొరపాటూ కలిసొచ్చింది. మార్విన్ ఒకే పాటను రెండు విధాలుగా పాడి, ఏది బాగుందో విని చూద్దామనుకున్నాడు. ఇంజనీరు రెండింటినీ కలిపి వినిపించాడు. ఒకే మనిషి తనతో తాను పాడుతున్నట్టు వచ్చింది. దాన్నే ఉంచేశాడు. అప్పటినుంచి అదే అతని పద్ధతి అయింది. తనలోనే ఇద్దరున్న మనిషికి అంతకంటే సరిపోయే పద్ధతి ఉండదు.

గోర్డీకి పాట నచ్చలేదు. మధ్యలో మాటలు లేకుండా జాజ్ ధోరణిలో తీసే ఆలాపన పాతకాలపుదనీ, యుద్ధం గురించి పాడితే జనం దూరమవుతారనీ ఆయన భయం. అది విడుదల చేస్తేనే ఇంకేదైనా పాడతానని మార్విన్ మొండికెత్తాడు. 1971 జనవరిలో పాట వచ్చింది. వచ్చీ రాగానే లక్షల్లో అమ్ముడుపోయింది. మార్చిలో కొద్ది రోజుల్లోనే ఆల్బమ్ మొత్తం పూర్తిచేశారు. మే 21న అది బయటికొచ్చింది. తొమ్మిది పాటలూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. యుద్ధం నుంచి వచ్చి పని దొరకని తమ్ముడు, మత్తులో మునిగిన యువకుడు, పిల్లల భవిష్యత్తు, పాడైపోయిన గాలీ నీరూ, పన్నుల భారంతో నలిగే నగరవాసి అందులో ఉన్నారు. మధ్యలో దేవుడు ప్రేమ అని చెప్పే పాట ఉంది. అందులో తన తండ్రి గురించి పాడతాడు. అది పరలోకపు తండ్రి. ఆ తండ్రి క్షమిస్తాడు, ఏమీ ఆశించకుండా ప్రేమిస్తాడు. భూమి మీద తనకు దొరకని తండ్రిని వర్ణిస్తున్నాడని తెలియడానికి వేదాంత కళాశాలలో చదవనక్కరలేదు.

ఇక జాజ్ సంగతికి వస్తాను. మార్విన్ పదేళ్లు తట్టిన వాకిలి ఈ ఆల్బమ్‌తో లోపలినుంచే తెరుచుకుంది. జాజ్ వాద్యకారులే వచ్చి అతని పాటలు అడిగి తీసుకున్నట్టయింది.

జాజ్ తెలియనివారికి ఒక మాట. మన పాత కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. బాగా పాడగలవారు పల్లవి పట్టుకొని సంగతి మీద సంగతి వేస్తూ పోతారు. పల్లవి అదే, కానీ ప్రతిసారీ కొత్త అర్థం తెరుచుకుంటుంది. జాజ్‌లో ఉన్న పని ఇంచుమించు అదే. తెలిసిన పాటను తీసుకొని, దాని ఎముకలు అలాగే ఉంచి, కండ కొత్తగా కడతారు. ఎముకలు బలంగా లేని పాట ఆ పనికి నిలవదు. (కీబోర్డు వాయించే మన కుర్రవాళ్లు పాత కీర్తనను కొత్తగా వాయిస్తే పెద్దలు విసుక్కుంటారు. విసుక్కోవడానికి ముందు ఒక్కటి చూడమని నా మనవి. ఎముకలు ఉంచారా, విరిచారా?)

ఆల్బమ్ వచ్చిన నాలుగు నెలలకే, 1971 సెప్టెంబరులో, న్యూజెర్సీలో ఒక స్టూడియోలో రికార్డింగ్ ఏర్పాటైంది. సాక్సోఫోన్ వాయించాల్సిన హాంక్ క్రాఫర్డ్ రాలేకపోయాడు. అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ అనే యువకుణ్ణి ఆయన స్థానంలో నిలబెట్టారు. తాను ఎక్కువగా వాయించే టెనర్ సాక్సోఫోన్ కాకుండా ఆల్టో వాయించాల్సి వచ్చింది. అతను మార్విన్ ఆల్బమ్‌లోని చివరి పాట, పేదల వీధుల గురించిన పాటను వాయించాడు. గాలి, నీరు పాడైపోయాయని దేవుని కనికరం అడిగే పాటనూ వాయించాడు. ఆల్బమ్‌కు ఆ మొదటి పాట పేరే పెట్టారు. మాటలు లేవు. అయినా విన్నవారికి ఫిర్యాదు అర్థమైంది. గ్రోవర్ జీవితమంతా ఆ ఒక్క రికార్డుతో మారిపోయింది.

అదే సంవత్సరం క్విన్సీ జోన్స్ పెద్ద బృందంతో ‘వాట్స్ గోయింగ్ ఆన్’ను దాదాపు 10 నిమిషాలు సాగదీసి వాయింపజేశాడు. జాజ్ గాయనుల్లో అగ్రగణ్యురాలు సారా వాన్ ఆ పేదల వీధుల పాటను తన గొంతులో పాడింది. అంధుడైన రోలాండ్ కర్క్ సంగతి ఇంకా చెప్పుకోదగినది. ఆయన రెండు మూడు వాద్యాలు ఒకేసారి నోట పెట్టుకొని వాయించగలవాడు. 1972లో వచ్చిన ఆయన ఆల్బమ్‌లో మార్విన్ పాటలు రెండు కలిపి వాయించాడు. అదే ఆల్బమ్‌లో, కొన్ని పాటల తరువాత, ‘ఓల్డ్ రగ్డ్ క్రాస్’ కూడా వాయించాడు. సిలువను గురించిన ఆ పాటను మన సంఘాలూ ఎరుగును. సాక్సోఫోన్ దగ్గర ఆ రెంటి మధ్య గోడ లేదు. నాలాంటి పాత పాస్టరుకు అది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ విన్నాక గోడ ఎక్కడ కట్టాలో నాకూ తెలియలేదు.

సంఘం కూడా ఊరుకోలేదు. ఆల్బమ్‌లో పరిశుద్ధత గురించిన పాట ఒకటి ఉంది. 1972 జనవరిలో అరీతా ఫ్రాంక్లిన్ లాస్ ఏంజెలెస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు సంఘంలో రెండు రాత్రులు గాస్పెల్ పాటలు పాడింది. జేమ్స్ క్లీవ్‌లాండ్ పియానో దగ్గర ఉన్నాడు, గాయక బృందం వెనుక ఉంది. మొదటి రాత్రి ఆమె అందుకున్న మొదటి పాట మార్విన్‌దే. ఆమె కూడా సేవకుడి కూతురే. సేవకుడి కొడుకు బజారులో పాడిన పాటను సేవకుడి కూతురు బలిపీఠం దగ్గరకు తెచ్చింది. ఆ రెండు రాత్రుల రికార్డు గాస్పెల్ చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో ఒకటి.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. ముగియలేదు.

ఆ తరువాత మార్విన్ గొంతు శరీరం వైపు మళ్లింది. 1973లో వచ్చిన ఆల్బమ్ మీద అతని పేరు ఇంకా పెరిగింది. ఆ పాటల గురించి ఈ పేజీలో రాయను. అన్నాతో వివాహం విడిపోయింది. భరణం కట్టడానికి డబ్బు లేక, తరువాతి ఆల్బమ్ మీద వచ్చే రాబడిలో వాటా ఆమెకు ఇస్తానని ఒప్పుకొని, ఆ ఆల్బమ్ నిండా తమ కాపురం కూలిపోయిన కథే పాడాడు. రెండో వివాహమూ నిలవలేదు. పన్ను బకాయిలు, కొకైన్. కొంతకాలం హవాయిలో ఒక పాత వ్యానులో బతికాడు. 1981లో బెల్జియం సముద్రతీరాన ఆస్టెండ్ అనే ఊరికి చేరాడు. అక్కడ ఒక స్నేహితుడి ఆదరణలో కొంత కోలుకున్నాడు. 1982లో మళ్లీ పెద్ద విజయం, 1983లో రెండు గ్రామీ పురస్కారాలు. ఆ వెంటనే పర్యటన, మళ్లీ మత్తు, ఎవరో తనను చంపడానికి వస్తున్నారన్న భయం. చివరికి వెళ్లిన చోటు తల్లిదండ్రుల ఇల్లు. లాస్ ఏంజెలెస్‌లో వారికి తానే కొనిచ్చిన ఇల్లు.

తండ్రి అప్పటికి సంఘ పరిచర్య వదిలి చాలాకాలమైంది. తాగేవాడు. ఇద్దరి మధ్య మాటలు లేవు, ఉంటే గొడవలే. 1983 క్రిస్మస్ సమయంలో, ఇంటికి రక్షణగా ఉంటుందని మార్విన్ తండ్రికి ఒక తుపాకీ ఇచ్చాడు. 1984 ఏప్రిల్ 1న ఇన్సూరెన్సు కాగితం ఒకటి కనబడలేదని తండ్రి తల్లి మీద అరిచాడు. మార్విన్ అడ్డు వచ్చాడు. మాట మాట పెరిగింది. కొడుకు తండ్రి మీద చేయి చేసుకున్నాడు. తండ్రి తన గదికి వెళ్లి ఆ తుపాకీ తెచ్చి కాల్చాడు. తెల్లవారితే మార్విన్‌కు 45 ఏళ్లు నిండేవి.

కోర్టులో తండ్రి నేరారోపణను ఎదిరించలేదు. ఉద్దేశపూర్వక హత్య కాదని తీర్మానించి, ఆరేళ్ల శిక్షను నిలుపుదల చేసి, ఐదేళ్ల పర్యవేక్షణలో ఉంచారు. వృద్ధాప్యం, మెదడులో బయటపడ్డ కణితి, కొడుకు కొట్టిన దెబ్బల గుర్తులు, కొడుకు రక్తంలో దొరికిన మత్తు, అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఆల్బెర్టా భర్త నుంచి విడిపోయి 1987లో మరణించింది. ఆయన 1998 దాకా బతికాడు.

తండ్రిని తీర్పు తీర్చడానికి నేను ఇది రాయడం లేదు. ఆయన తన చిన్నతనంలో ఏమి చూశాడో, ఏ ఇంటి దెబ్బలు మోసుకొచ్చాడో దేవునికి తెలుసు. మార్విన్ చేసిన వాటికి మార్విన్ బాధ్యుడే. కొకైన్ ఎవరూ బలవంతంగా పెట్టలేదు, తండ్రి మీద చేయెత్తినది అతనే. కానీ కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో పిల్లలకు చెప్పిన ఆజ్ఞ 20వ వచనం. తండ్రులకు చెప్పినది దాని పక్కనే, 21వ వచనం. మన సండే స్కూలు పిల్లలను లేపి అడగండి, మొదటిది గడగడా చెబుతారు. రెండోది తండ్రులను లేపి అడగండి. నన్ను అడిగినా తడబడేవాణ్ణి. ముప్పై ఏళ్ల పరిచర్యలో మొదటిదాని మీద ఎన్నో ప్రసంగాలు చేసిన నేను, రెండోదాని మీద ప్రత్యేకంగా ఒక్కటీ చేయలేదు. పాత నోటు పుస్తకాలు తిరగేసి చూసుకున్నాను.

మార్విన్ పాటను జాజ్ వాద్యకారులు వదల్లేదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్ మీద పడింది. కట్టలు తెగి నగరంలో అయిదింట నాలుగు వంతులు నీట మునిగింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. పేదల్లో చాలామంది, వారిలో నల్లవారు ఎక్కువ, ఇంటికప్పుల మీద సహాయం కోసం రోజుల తరబడి చూశారు. జాజ్ పుట్టిన నగరం అది. అక్కడ ఎవరైనా చనిపోతే బ్యాండు మేళం స్మశానం దాకా కీర్తనలు నెమ్మదిగా వాయిస్తూ వెళ్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఉత్సాహంగా వాయిస్తుంది. పునరుత్థానాన్ని నమ్మేవారి పద్ధతి అది. ఆ నగరంలోని డర్టీ డజన్ బ్రాస్ బ్యాండ్, తుపాను వచ్చిన ఏడాదికి, 2006లో, మార్విన్ ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరిదాకా మొత్తం తమ బాకాలతో మళ్లీ చేసింది. 35 ఏళ్ల క్రితం వియత్నాం నుంచి వచ్చిన తమ్ముడి కోసం పాడినది, ఇల్లు కొట్టుకుపోయినవారి నోట పడింది. మార్విన్ మెత్తగా అడిగిన చోట వీళ్లు బాకాలతో గట్టిగా అడుగుతారు. పాట పేరులోని ప్రశ్న మాత్రం అదే.

నేను ఆ బ్యాండు చరిత్ర వెతుకుతుండగా ఒక సంగతి దొరికింది. 1970ల మొదట్లో న్యూ ఆర్లియన్స్‌లో ఫెయిర్‌వ్యూ బాప్టిస్టు సంఘం వీధుల్లో తిరిగే కుర్రవాళ్ల గురించి ఆలోచించింది. డానీ బార్కర్ అనే పెద్దాయన ఉన్నాడు, పేరున్న జాజ్ వాద్యకారుడు. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి వాయించి సొంత ఊరికి తిరిగి వచ్చినవాడు. పిల్లలతో ఒక బ్యాండు పెట్టమని సంఘ కాపరి ఆయన్ని అడిగాడు. ఆ పిల్లల చేతికి బాకాలూ డ్రమ్ములూ ఇచ్చారు. పాత కీర్తనలు ఊరేగింపులో ఎలా వాయించాలో బార్కర్ నేర్పాడు. డర్టీ డజన్ బ్యాండు వేళ్లు ఆ సంఘం పిల్లల బ్యాండులోనే ఉన్నాయి. ఆ కాపరి పేరు పెద్దగా ఎక్కడా కనబడదు.

ఆ కుర్రవాడి ఇల్లు మా సంఘానికి రెండు వీధుల అవతలే. అతనికి ఇప్పుడు పిల్లలున్నారు. వచ్చే ఆదివారం వాక్యం 21వ వచనం.